సంచిలో పడిన పెన్నీ ఎక్కడిదాకా వెళ్లింది?

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చారు, చాలా సంతోషం. మన నెలవారీ సభల్లో ఇప్పటిదాకా రాజుల గురించి, యుద్ధాల గురించి ఎక్కువగా మాట్లాడుకున్నాం. ఈ రోజు నేను చందాల గురించి మాట్లాడతాను. పదిహేడో శతాబ్దంలో ఎక్కడో పరాయి దేశంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న ప్రొటెస్టంట్ల కోసం, అంటే రోమ్‌లోని పోప్ అధికారాన్ని కాదన్న క్రైస్తవుల కోసం, ఇంగ్లండు చర్చిల్లో పోగైన చిల్లర డబ్బు గురించి.

ముందు ఒక మాట సంగతి చెప్పాలి. రెఫ్యూజీ అనడానికి తెలుగులో మనకు రెండు మాటలున్నాయి. ఒకటి శరణార్థి, ఇంకొకటి కాందిశీకుడు. సంస్కృతంలో ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు’ అని. ఏ దిక్కుకు పోను, ఏ దిక్కుకు పోను అనుకుంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. శరణార్థి అంటే ఎవరినో ఆశ్రయం అడుగుతున్నవాడు, అంటే అతనికి ఎదురుగా ఇంకో మనిషి ఉన్నాడు. కాందిశీకుడికి ఎదురుగా ఎవరూ లేరు, పరుగొక్కటే ఉంది. ఇంగ్లీషులో రెఫ్యూజీ అన్న మాట 1680లలో, ఫ్రాన్సు నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టంట్లతో పాటే ఇంగ్లండులో అడుగుపెట్టింది. అందుకే ఈ కథ నాకు ముఖ్యం అనిపిస్తుంది.

మా నాయనమ్మ రోజూ అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసేది. వారం తిరిగేసరికి డబ్బా చర్చికి వెళ్లేది. ఆ బియ్యం ఎవరి కుండలో ఉడుకుతుందో ఆమెకు తెలియదు. ‘ఎవరికో అందుతుందిలే’ అనేది. ఆ ‘ఎవరికో’ అన్న మాట దగ్గర నేను చాలా ఏళ్లు ఆగిపోయాను. ఇచ్చిన చేతికీ అందుకున్న చేతికీ నడుమ ఎవరున్నారు? ఏం చదివి వినిపించారు, ఏం దాచారు, ఎంత ఆపుకున్నారు? ఈ రోజు నేను అడిగే ప్రశ్న అదే.

ఇంగ్లండులో ఈ వసూలు ఎలా జరిగేదో చూద్దాం. ఎవరు పడితే వారు ఊరూరా తిరిగి చందా వసూలు చేయడానికి వీల్లేదు. రాజముద్ర వేసిన అనుమతి పత్రం కావాలి. దాన్ని ‘బ్రీఫ్’ అనేవారు. ఫలానా చోట ఫలానా వారికి ఈ కష్టం వచ్చింది, నా ప్రజలు దయతో సాయం చేయాలి అని రాజు పేరుతో ఉండే ప్రకటన అది. దాన్ని అచ్చువేసి దేశంలోని పారిష్‌లకు, అంటే ఒక్కో చర్చి కింద ఉండే ఊళ్లకు, పంపేవారు. ఇంగ్లండు, వేల్స్ కలిపితే దాదాపు 10 వేల పారిష్‌లు. ఆదివారం ఆరాధన మధ్యలో గురువు దాన్ని పల్పిట్ మీద నుంచి చదివేవాడు. తర్వాత చర్చివార్డెన్లు, అంటే చర్చి వ్యవహారాలు చూసే ఊరివాళ్లు, జనం దగ్గర డబ్బు పోగుచేసేవారు. కష్టం పెద్దదైతే ఇంటింటికీ వెళ్లాలని పత్రంలోనే రాసి ఉండేది. ఎంత వచ్చిందో ఆ పత్రం వెనక రాసి, గురువూ వార్డెన్లూ సంతకాలు చేసి, డబ్బుతో పాటు తిప్పి పంపాలి. చాలా చోట్ల ఆ అంకెను చర్చి రిజిస్టరులో కూడా ఎక్కించారు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు రాసుకునే పుస్తకమే అది. వెనక ఖాళీ పేజీల్లో ఈ చందాలు రాశారు. మనకు ఈ రోజు ఇంత తెలిసిందంటే ఆ పేజీల వల్లే.

బ్రీఫులన్నీ కాందిశీకుల కోసమే కాదు. ఊరు తగలబడినా, చర్చి గోడ కూలినా, ఉత్తర ఆఫ్రికా తీరంలో నావికులు బందీలైనా బ్రీఫ్ వచ్చేది. మరీ ఎక్కువైపోయి జనం విసిగిపోయిన రోజులూ ఉన్నాయి. శామ్యూల్ పెపీస్ అనే నౌకాదళ ఉద్యోగి 1661 జూన్ చివర్లో తన డైరీలో రాసుకున్నాడు: ఈ బ్రీఫుల వ్యవహారం ప్రతి ఆదివారం మామూలైపోయింది, ఇక వీటికి ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాం అని. ఆయన్ని నేను తప్పుపట్టను. అచ్చు ఖర్చు, ముద్ర ఖర్చు, వసూలు చేసే ఏజెంట్ల రుసుము పోగా మిగిలింది బాధితుడికి చేరేది. మామూలు బ్రీఫులకు ఊరికి కొన్ని షిల్లింగులు, ఒక్కోసారి కొన్ని పెన్నీలు మాత్రమే వచ్చేవి. ఈ పద్ధతిని కట్టడి చేస్తూ 1705లో చట్టం చేశారు. 1828లో మొత్తానికే ఎత్తేశారు.

అయినా కొన్ని బ్రీఫులకు జనం అలా విసుక్కోలేదు. జేబులు బోర్లించి ఇచ్చారు. వాటిలో మూడింటి గురించి చెబుతాను.

మొదటిది పాలటినేట్. జర్మనీలో రైన్ నది ఒడ్డున, హైడెల్‌బర్గ్ రాజధానిగా ఉన్న రాజ్యం. దాని పాలకుడు ఐదో ఫ్రెడరిక్ ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్‌కు అల్లుడు. బొహీమియా, అంటే ఇప్పటి చెక్ దేశం, కిరీటం ఇస్తామంటే 1619లో ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది వైట్ మౌంటెన్ యుద్ధంలో ఓడిపోయి ఆ కిరీటమూ పోయింది, ఉన్న రాజ్యమూ పోయింది. 1622లో హైడెల్‌బర్గ్ పడిపోయింది. అక్కడి ప్రొటెస్టంటు పాస్టర్లు, బడిపంతుళ్లు కుటుంబాలతో సహా రోడ్డున పడ్డారు.

1627లో లండన్‌లో నలుగురు బోధకులు, రిచర్డ్ సిబ్స్, విలియం గూజ్, థామస్ టేలర్, జాన్ డావెన్‌పోర్ట్, వాళ్ల కోసం సాయం అడుగుతూ తెలిసినవారికి ఉత్తరం రాశారు. రాజు అనుమతి లేకుండా చందా అడిగినందుకు ఆ నలుగురినీ పిలిపించి మందలించారు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టండి అని ఉత్తరం రాయడం కూడా నేరమే. ఆ తర్వాత 1628లో మొదటి చార్లెస్ రాజు స్వయంగా బ్రీఫ్ ఇచ్చాడు. అదే పని, ఈసారి ముద్రతో.

అసలు కథ 1630లలో మళ్లీ బ్రీఫ్ తయారైనప్పుడు ఉంది. ముసాయిదాలో రెండు మాటలు ఉన్నాయి. ఈ పాస్టర్లు ‘మనమూ వాళ్లూ కలిసి నమ్మే సత్యమతం’ కోసం బాధపడుతున్నారన్నది ఒకటి. క్రీస్తు విరోధి కాడి కిందకు పోలేక పారిపోయారన్నది రెండోది, అంటే రోమ్ పోప్ కాడి. విలియం లాడ్ వీటికి అడ్డుపడ్డాడు. 1633లో కాంటర్బరీ ఆర్చిబిషప్, అంటే ఇంగ్లండు చర్చికి పెద్ద, అయినవాడు ఆయన. కాల్విన్ బోధను అనుసరించే వాళ్ల చర్చీ మన చర్చీ ఒకటే అని రాజముద్ర వేసి ఎలా చెబుతాం? రోమ్‌ది క్రీస్తు విరోధి అధికారం అంటే, రోమ్ ద్వారా వచ్చిన మన బిషప్పుల అధికారం ఏమవుతుంది? ఆయన వాదన అది. మాటలు మార్పించాడు.

దీని మీద నేను చాలాసేపు ఆలోచించాను. లాడ్ డబ్బు వసూలును ఆపలేదు. కాందిశీకులకు సాయం వద్దనలేదు. ‘వాళ్లు మనవాళ్లు’ అన్న ఒక్క మాటే తీసేశాడు. కానీ పల్లెలో కూర్చుని వింటున్న మనిషి చెయ్యి జేబులోకి పోయేది ఆ మాట విన్నప్పుడే కదా. జనం దీన్ని మరిచిపోలేదు. పదేళ్ల తర్వాత పార్లమెంటు లాడ్‌ను విచారణకు నిలబెట్టినప్పుడు, ఆయన మీద మోపిన అభియోగాల్లో ఈ దిద్దుబాటు కూడా ఉంది. 1645 జనవరిలో ఆయన తల తీశారు. చందా పత్రంలో రెండు మాటల గురించి ఒక దేశం అంతగా పట్టించుకుంది.

మధ్యలో ఐర్లండ్ ఉంది, తొందరగా చెప్పేస్తాను. 1641 తిరుగుబాటులో అక్కడి ప్రొటెస్టంటు వలసదారులు వేలల్లో సముద్రం దాటి ఇంగ్లండు రేవుల్లో దిగారు. 1642లో పార్లమెంటు చట్టం చేసి మరీ చందా వసూలు చేసింది. ఆ చందా ఇచ్చినవారి పేర్ల జాబితాలు కొన్ని ఊళ్లవి ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. తమ పూర్వీకులను వెతుక్కునేవాళ్లకు అవి బంగారు గని. అన్ని చోట్లా పేర్లు మిగల్లేదు. మిగిలిన చోట మాత్రం ఇచ్చిన చెయ్యి ఎవరిదో మనకు తెలుస్తుంది.

ఇక రెండోది పీడ్‌మాంట్. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ఇటలీకీ ఫ్రాన్సుకీ మధ్య ఆల్ప్స్ పర్వతాల్లో ఉన్న పీడ్‌మాంట్ లోయల్లో వాల్డెన్సులు అనే క్రైస్తవులు ఉండేవారు. ప్రొటెస్టంటు ఉద్యమాన్ని మొదలుపెట్టిన లూథర్ పుట్టడానికి మూడు శతాబ్దాల ముందు నుంచే రోమ్‌కు వేరుగా ఉన్నవాళ్లు, తర్వాత ప్రొటెస్టంట్లతో కలిశారు. సవాయ్ డ్యూక్ పాలనలో ఉండేవారు. 1655 జనవరిలో, అంటే నడి చలికాలంలో, ఒక ఆజ్ఞ వచ్చింది. మైదానం వైపు ఊళ్లలో ఉన్నవాళ్లు కాథలిక్కులైనా కావాలి, లేదా కొద్ది రోజుల్లో ఇళ్లు వదిలి పై లోయలకైనా పోవాలి. పిల్లల్ని ఎత్తుకుని మంచులో ఎక్కిపోయారు. ఏప్రిల్‌లో పియనెజ్జా మార్క్విస్ సైన్యంతో వచ్చాడు. సైనికులకు ఇళ్లలో బస ఇవ్వాలన్నారు. ఇచ్చారు. ఏప్రిల్ 24 తెల్లవారుజామున ఊచకోత మొదలైంది. తప్పించుకున్నవాళ్లు కొండలు దాటి ఫ్రాన్సు వైపు పారిపోయారు.

ఈ వార్త మేలో ఇంగ్లండు చేరింది. అప్పుడు అక్కడ రాజు లేడు, ఆలివర్ క్రామ్‌వెల్ ప్రభువు. జూన్ 14ను దేశమంతా ఉపవాసం ఉండి ప్రార్థించే రోజుగా ప్రకటించాడు. సొంతంగా 2,000 పౌండ్లు ఇచ్చాడు. గురువులూ వార్డెన్లూ ఇంటింటికీ వెళ్లి వసూలు చేయాలన్నాడు. ఆయన దగ్గర లాటిన్ ఉత్తరాలు రాసే ఉద్యోగి జాన్ మిల్టన్. అప్పటికి మూడేళ్లుగా చూపు లేదు. యూరప్‌లోని పలువురు పాలకులకు ఈ దారుణం గురించి ఉత్తరాలు ఆయనే చెప్పి రాయించాడు. చనిపోయినవారి కోసం పద్నాలుగు పంక్తుల పద్యం కూడా కట్టాడు.

పోగైన మొత్తం 38,000 పౌండ్లు దాటింది. ఇది ఎంత డబ్బో చెప్పాలి. పౌండుకు 20 షిల్లింగులు. పొలం కూలీకి ఆ కాలంలో రోజుకు సుమారు ఒక షిల్లింగు. అంటే 7,60,000 రోజుల కూలి. అప్పటికే అంతర్యుద్ధంతో, పన్నులతో చితికిపోయిన దేశం అది. ఇచ్చినవాళ్లలో ఆల్ప్స్ పర్వతాలను చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? వాల్డెన్సు అన్న పేరు అంతకుముందు ఎంతమంది విని ఉంటారు? అయినా ఇచ్చారు.

డబ్బు జెనీవా మీదుగా లోయలకు వెళ్లింది. క్రామ్‌వెల్ రాయబారిగా శామ్యూల్ మోర్లాండ్ టూరిన్ వెళ్లి డ్యూక్ దర్బారులో నిరసన చెప్పాడు, ఆ తర్వాత జెనీవాలో ఉండి పంపిణీ పని చూశాడు. విత్తనాలకు, ఇళ్లకు, అనాథలకు, పాస్టర్లకు సాయం అందింది.

కానీ మొత్తం వెళ్లలేదు. 16,000 పౌండ్లకు పైగా ఇంగ్లండులోనే ఉంచారు. దాని మీద వచ్చే రాబడితో లోయల్లోని పాస్టర్లకు, బడులకు ఏటా పెన్షన్ ఇస్తామన్నారు. ఆలోచన చెడ్డది కాదు. ఒక్కసారిగా పంచేస్తే వచ్చే ఏడు ఏం తింటారు? కానీ 1660లో రెండో చార్లెస్ సింహాసనం ఎక్కాడు. క్రామ్‌వెల్ చేసిన ఏర్పాటును తాను మోయనక్కర్లేదని ఆ పెన్షన్లు ఆపేశాడు. అది క్రామ్‌వెల్ డబ్బు కాదు. ఆయన ఇచ్చిన 2,000 తీసేస్తే మిగతాదంతా ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చిన జనం డబ్బు. నిజం చెప్పాలంటే, ఈ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. పాతికేళ్లకు పైగా గడిచాక, 1689 తర్వాత, మేరీ రాణి మళ్లీ పెన్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఈలోపు అదే లోయల మీద ఇంకో విపత్తు వచ్చిపడింది. వేలమందిని జైళ్లలో కుక్కారు, మిగిలినవాళ్లను 1687 చలికాలంలో మంచు కనుమల మీదుగా జెనీవాకు తరిమారు.

ఇంకో రెండు పేర్లు చెప్పి ముందుకు పోతాను. పోలండులో లెష్నో అనే ఊరు 1656లో కాలిపోయింది. బొహీమియా నుంచి వచ్చిన ప్రొటెస్టంట్లు అక్కడ తలదాచుకున్నారు. విద్యావేత్త కొమీనియస్ ఏళ్ల తరబడి రాసుకున్న రాతప్రతులు ఆ మంటల్లో పోయాయి. వాళ్ల కోసమూ ఇంగ్లండులో వసూలు చేశారు. 1661లో లిథువేనియా ప్రొటెస్టంట్ల కోసం బ్రీఫ్ వచ్చింది. చాలా ఊళ్ల రిజిస్టర్లలో లిథువేనియా పేరు కనిపిస్తుంది. పెపీస్ విసుక్కున్న ఏడాది కూడా అదే.

మూడోది ఫ్రాన్సు. హ్యూగెనాట్లు, అంటే అక్కడి ప్రొటెస్టంట్లు.

1598లో నాలుగో హెన్రీ రాజు నాంట్ శాసనంతో ఫ్రాన్సు ప్రొటెస్టంట్లకు ఆరాధన హక్కు ఇచ్చాడు. ఆయన మనవడు పద్నాలుగో లూయీ దాన్ని ముక్కముక్కగా తినేశాడు. 1681లో పువాటూ ప్రాంతంలో డ్రాగూన్లనే గుర్రపు సైనికులను ప్రొటెస్టంట్ల ఇళ్లలో దించారు. మతం మార్చుకునేదాకా ఇంట్లోనే ఉంటారు, తింటారు, పగలగొడతారు, ఇంటివాళ్లను నిద్రపోనివ్వరు. ఆ జూలైలోనే ఇంగ్లండులో రెండో చార్లెస్ వచ్చినవాళ్లకు ఆశ్రయం ఇస్తామని ప్రకటించి, బ్రీఫ్ కూడా ఇచ్చాడు. పీడ్‌మాంట్ పెన్షన్లు ఆపిన రాజే ఈయన, గుర్తుంది కదా. మనుషులు ఒకే రకంగా ఉండరు.

1685 అక్టోబరులో లూయీ నాంట్ శాసనాన్ని పూర్తిగా రద్దు చేశాడు. పాస్టర్లు 15 రోజుల్లో దేశం విడిచిపోవాలి. మామూలు జనం మాత్రం పోకూడదు. పోతూ దొరికితే మగవాళ్లకు గాలీ ఓడల్లో తెడ్లు వేసే శిక్ష. అయినా రాత్రిళ్లు, చేపల పడవల్లో, సరుకుల పీపాల మధ్య దాక్కుని పోయారు. మొత్తం ఇంచుమించు 2 లక్షల మంది దేశం దాటారు. వాళ్లలో 40 నుంచి 50 వేల మంది ఇంగ్లండు చేరారు.

అప్పటికి ఇంగ్లండు రాజు రెండో జేమ్స్. ఆయన కాథలిక్కు. లూయీకి బంధువు, స్నేహితుడు. జాన్ ఎవెలిన్ అనే పెద్దమనిషి ఆ నవంబరులో తన డైరీలో ఒక సంగతి రాశాడు: ఫ్రాన్సులో ఇంత జరుగుతుంటే మన ప్రభుత్వ గెజిట్ ఒక్క ముక్క కూడా రాయలేదు, అందరూ దీన్ని గమనిస్తున్నారు అని. చివరికి 1686 మార్చిలో బ్రీఫ్ వచ్చింది. ఎవెలిన్ వాళ్ల చర్చిలో దాన్ని చదివింది ఏప్రిల్ 25న. ఎంతోకాలంగా ఎదురుచూసినది కష్టం మీద బయటికి వచ్చింది, ఫ్రెంచి రాయబారి అడ్డుపడ్డాడు అని ఆ రోజు రాసుకున్నాడు.

ఎలాంటి బ్రీఫ్ అది? గురువులు అచ్చులో ఉన్నది చదవాలి, అంతే. ఫ్రెంచి ప్రొటెస్టంట్ల బాధల మీద ప్రసంగాలు చేయకూడదు. సాయం పొందాలంటే ఇంగ్లండు చర్చి పద్ధతిలో ప్రభురాత్రి భోజన సంస్కారం తీసుకోవాలి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పద్ధతి అది కాదు. ప్రాణం పోయినా మతం మార్చుకోం అని దేశం విడిచి వచ్చినవాళ్లను, రొట్టె ముక్క కావాలంటే మా పద్ధతిలోకి రండి అనడం ఇది. మే నెలలో, పాస్టర్ జాన్ క్లోద్ ఈ హింస గురించి రాసిన పుస్తకాన్ని లండన్‌లో తలారి చేత బహిరంగంగా కాల్పించారు.

మరి జనం ఏం చేశారు? బాధ గురించి చెప్పొద్దన్నారు, పుస్తకం కాల్చారు, గెజిట్ నోరు మూసుకుంది. ఆ వసూలుకు సుమారు 40,000 పౌండ్లు వచ్చాయి! బాత్ అండ్ వెల్స్ బిషప్ థామస్ కెన్ తన చేతికి వచ్చిన పెద్ద మొత్తంలో ఎక్కువ భాగం ఈ కాందిశీకులకే ఇచ్చేశాడు, తన కింది గురువులకు ఉత్తరం రాసి మరీ కదిలించాడు. లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ సందుల్లో, రేవు పట్నాల్లో ఈ ఫ్రెంచివాళ్లను జనం కళ్లారా చూస్తున్నారు. పల్పిట్ మీద నోరు కట్టేసినంత మాత్రాన వీధిలో చూసింది మరిచిపోరు.

డబ్బు లండన్ నగర ఖజానాకు చేరింది. పంపిణీకి ఒక ఫ్రెంచి కమిటీ ఉండేది. 1687లో ఆ కమిటీ సుమారు 15,500 మందికి సాయం చేసింది, అందులో 13 వేలకు పైగా లండన్‌లోనే. 143 మంది పాస్టర్లు, వాళ్ల కుటుంబాలు. మిగతావాళ్లు ఎక్కువగా చేతివృత్తులవాళ్లు. వాళ్లకు పనిముట్లు, బట్టలు ఇచ్చారు, పిల్లలను పని నేర్చుకోవడానికి పెట్టారు. ఇంగ్లండులో పని దొరకని 600 మందిని అమెరికాకు పంపారు.

ఇక్కడ నాకు బాగా నొప్పి కలిగించే సంగతి ఒకటి ఉంది. లండన్ థ్రెడ్‌నీడిల్ వీధిలో 1550 నుంచి ఫ్రెంచి చర్చి ఉండేది. అక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది డ్రాగూన్ల దెబ్బలకు తాళలేక ఫ్రాన్సులో మతం వదిలినట్టు సంతకం పెట్టినవాళ్లే. వాళ్లు సంఘం ముందు నిలబడి, మేము భయపడి ఒప్పుకున్నాం, క్షమించండి అని చెప్పి మళ్లీ సభ్యులుగా చేరేవారు. 1687 మే నెలలోనే దాదాపు 500 మంది అలా చేరారు. మనం పంచిన డబ్బు లెక్కలు చూస్తాం గానీ, అందుకునేవాళ్లు ఎంత సిగ్గు మోసుకుని వచ్చారో ఆ లెక్కల్లో ఉండదు.

ముందు వరసలోంచి ఒకరు చీటీ పంపారు. ‘మన ప్రాంతానికి ఈ కథతో ఏదైనా సంబంధం ఉందా?’ అని. చందాలతో లేదు. ఆ మనుషులతో కొంచెం ఉంది. మన కొల్లూరు వజ్రాల గని గురించి రాసిన తావెర్నియే ఫ్రెంచి ప్రొటెస్టంటు. నగల వర్తకుడు జాన్ షార్డాన్ కూడా అంతే. పర్షియా, ఇండియా తిరిగి, 1681లో లండన్‌లో స్థిరపడ్డాడు. ఆయన తమ్ముడు డేనియల్ మద్రాసులో ఉండి వజ్రాల వ్యాపారం చేశాడు. ఆ కాలపు వజ్రాలంటే గోల్కొండ వజ్రాలే. లండన్ కమిటీ 15,500 మందికి సాయం చేసిన 1687లోనే గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి చిక్కింది. కానీ షార్డాన్ లాంటివాళ్లు చేతిలో విద్య, డబ్బు, పరిచయాలతో వచ్చినవాళ్లు. బ్రీఫ్ డబ్బు కోసం వరసలో నిలబడిన నేతగాడి పరిస్థితి వేరు. ఇద్దరినీ హ్యూగెనాట్లు అనే అంటాం. ఆ పేరు వాళ్ల మధ్య తేడాను దాచేస్తుంది.

మీలో చాలామంది పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు. ఎప్పుడైనా వెళితే కాంటర్బరీ కథీడ్రల్ చూడండి. నేలమాళిగలో చిన్న ఫ్రెంచి చాపెల్ ఉంటుంది. ఆ కాందిశీకుల సంఘం ఈనాటికీ అక్కడ ఫ్రెంచిలో ఆరాధన జరుపుకుంటోంది. కుదిరితే ఏదైనా జిల్లా దస్తావేజుల ఆఫీసుకు కూడా వెళ్లండి. పాత చర్చి రిజిస్టరు చూపించమని అడిగి, వెనక పేజీలు తిప్పండి. పీడ్‌మాంట్, లిథువేనియా, ఫ్రెంచి ప్రొటెస్టంట్లు. రాసినాయన ఎన్నడూ చూడని చోట్ల పేర్లు, నోటికి వచ్చినట్టు రాసిన స్పెల్లింగుతో ఉంటాయి. పక్కన ఇన్ని షిల్లింగులు, ఇన్ని పెన్నీలు అని ఉంటుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.